మాజీ గారి కత్తిరింపుల పుస్తకం

మాజీ గారి చేతికి దినపత్రిక చిక్కితే అది మళ్ళీ దినపత్రికలా బయటికి రాదు. కిటికీలు పెట్టుకుని వస్తుంది. మిగతా నాయకులు చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఈయన మడత కత్తెర పెట్టుకుంటారు. జాతీయ దినోత్సవం గురించిన వార్త కనిపిస్తే చాలు. ఆ పేపరు ఎవరిదైనా సరే, ఆ క్షణాన ఎవరి చేతుల్లో ఉన్నా సరే, కత్తెర బయటికొస్తుంది, కస్ కస్ మని రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి, ముక్క జేబులోకి పోతుంది. ఇంటికి వెళ్ళాక దాన్ని జిగురుతో ఒక లావుపాటి పుస్తకంలో అంటిస్తారు. ఆయన ఒకే ఒక్కసారి శాసనసభ్యుడిగా గెలిచారు. ఆ తర్వాత పాతికేళ్ళుగా మాజీగా ఉంటున్నారు. ఊళ్ళో ఆయన్ను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు, మాజీ గారు అంటే చాలు.

జాతీయ దినోత్సవం ఏడాదికి ఒక్కరోజే కదా, ఆ మర్నాటి పేపరు దాచుకుంటే గండం గడిచినట్టే కదా అని ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. పాపం, వాళ్ళకు తెలియదు. ఉత్సవానికి మూడు నెలల ముందు సన్నాహక సమావేశం ఉంటుంది. అది వాయిదా పడుతుంది. ఎందుకు వాయిదా పడిందో మంత్రి వివరణ ఇస్తారు. ఉత్సవం అయ్యాక మూడు నెలల పాటు సమీక్షలు. ఆ పైన జెండా కర్రకు వేసిన రంగు అప్పుడే పెచ్చులూడుతోందని పాఠకుల ఉత్తరాలు. ఆ కత్తెరకు ఏడాది పొడుగునా పని ఉండేది.

ఒకసారి క్షౌరశాలలో సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం మీద నురగతో కూర్చున్న మాజీ గారు, అద్దంలో ఏదో చూసి చటుక్కున లేచారు. వెనక బెంచీ మీద ఒక పెద్దమనిషి పేపరు చదువుకుంటున్నాడు.

"కదలకండి!" అన్నారు మాజీ గారు.

తన మీద ఏ తేలో పాకుతోందనుకుని ఆ పెద్దమనిషి ఊపిరి బిగబట్టాడు. కస్ కస్.

"ఇక కదలొచ్చు."

"అయ్యో, నేను చదువుతున్న వార్తండీ అది!"

"చదవడానికేముంది, నేను చెప్తాగా. ఉత్సవం ఘనంగా జరిగింది," అని మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఎన్నో కత్తెరలు చూసిన క్షౌరశాల యజమాని కూడా ఇంత వేగం ఎరగనని నెలరోజుల పాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఇక ఇంట్లో భార్య పరిస్థితి చెప్పనక్కర్లేదు. కత్తిరించిన వార్తకు వెనకవైపు కూడా ఏదో ఒకటి అచ్చయి ఉంటుందన్న సంగతి మాజీ గారికి ఎప్పుడూ తట్టలేదు. పాతికేళ్ళలో ఆవిడకు ఏ సీరియల్ ముగింపూ తెలియదు. వంటల శీర్షిక చూసి ఏదైనా వండితే భోజనాల దగ్గర ఆయన మొహం చిట్లించేవారు.

"ఇందులో ఉప్పేదీ?"

"ఉప్పు ఎంత వెయ్యాలో మీ ఫోటో వెనకాల ఉందండీ."

"మరి ఫోటో తిప్పి చూడకపోయావా?"

"తిప్పడానికి అది పుస్తకంలో అంటుకుపోయిందిగా," అని ఆవిడ కూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆ పుస్తకం సంగతి మరీ విడ్డూరం. ఇంటికి ఎవరు వచ్చినా, విద్యుత్ మీటరు చూడ్డానికి వచ్చినా సరే, వాళ్ళను కూర్చోబెట్టి చూపించాల్సిందే. కానీ ముట్టుకోనివ్వరు. తన ఒళ్ళో పెట్టుకుని, తానే పేజీలు తిప్పుతారు. అందులో ఆయన నిండు ఫోటోలు మహా అయితే ఆరు ఉంటాయేమో. మిగతావాటిలో ఆయన్ను ఆయనే వేలితో చూపించాలి.

"ఇదిగో, మంత్రి గారి భుజం వెనకాల కనిపిస్తోందే, ఆ చెవి నాది."

"ఓహో."

"ఈ పక్క పేజీలో మోచెయ్యి. సరిగ్గా చూడండి, చొక్కా మడత చూస్తే తెలుస్తుంది నాదేనని."

"ఇందులో మీరు లేరండీ?"

"లేకపోవడమేమిటి? 'తదితరులు పాల్గొన్నారు' అని ఉందా లేదా? ఆ తదితరుల్లో మొదటివాణ్ణి నేనే."

ఆయన్ను చూసి నవ్వుకునే హక్కు ఊరందరికీ ఉంది. మనస్ఫూర్తిగా అసహ్యించుకునే హక్కు మాత్రం లైబ్రేరియనమ్మకే ఉంది. ఊరి గ్రంథాలయంలో ఏ ఏడాది పత్రికలను ఆ ఏడాది వరుసగా పేర్చి, గట్టి అట్టలు వేసి, కుట్టించి, వీపు మీద సంవత్సరం అంకెలు రాసి బీరువాల్లో నిలబెట్టేది ఆవిడే. ఒక్కొక్క సంపుటం ఎత్తడానికి ఇద్దరు కావాలి. అంత భద్రంగా దాచిన సంపుటాల్లో జాతీయ దినోత్సవం పేజీలన్నిటికీ పాతికేళ్ళుగా కన్నాలే.

"పుస్తకాల పురుగుకైతే మందుంది. ఈయన మీద ఏం చల్లాలి?" అనేవారావిడ.

ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. పేపర్లను బల్లకు గొలుసు వేసి కట్టారు. మాజీ గారు గొలుసు జోలికి వెళ్ళకుండా వార్తను కత్తిరించుకుపోయారు. తన కళ్ళెదుట కుర్చీ వేయించి అక్కడే కూర్చుని చదవమన్నారు. ఆయన బుద్ధిగా కూర్చుని, కాసేపటికి, "అమ్మాయ్, పై అరలో ఉన్న పెద్ద నిఘంటువు కాస్త అందిస్తావా? 'నిస్వార్థం' అన్న మాటకి అర్థం చూడాలి," అన్నారు. ఆవిడ స్టూలెక్కి నిఘంటువు దించేలోగా వెనకాల కస్ మంది. నిఘంటువు అక్కడే బల్ల మీద ఉండిపోయింది, అర్థం చూసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆ మాటకి అర్థం ఆయనకు ఏ పుస్తకంలోనూ దొరకదని లైబ్రేరియనమ్మ అభిప్రాయం. దానికి రుజువుగా ఆవిడ దగ్గర ఒక కథ ఉండేది. స్వాతంత్ర్య రజతోత్సవం నాటి కథ. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి కొత్త పాఠకుడికీ సభ్యత్వ కార్డుతో పాటు ఆ కథ కూడా చెప్పి పంపేవారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా ఊళ్ళో పెద్ద సభ జరిగింది. స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చిన ఊరివాళ్ళ పేర్లు వేదిక మీద చదవాలన్నారు. చదవాల్సింది అప్పటి శాసనసభ్యుడు, అంటే మన మాజీ గారు. పాత రికార్డులు వెతికి జాబితా తయారు చెయ్యాల్సింది గ్రంథాలయం. లైబ్రేరియనమ్మ ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. రికార్డులన్నీ తిరగేసి, జాబితా టైపు చేసి, కవరులో పెట్టి, సీలు వేసి ముందురోజే ఆయన ఇంటికి పంపారు. అదే వారం ఇంకో జాబితా కూడా టైపు చేశారు. అది పుస్తకాలు తీసుకుని గడువు దాటినా తిరిగి ఇవ్వనివాళ్ళది. రెండింటి కాపీలూ ఆవిడ బల్ల మీదే ఉన్నాయి. ఆ మహానుభావుడు కవరు ఎక్కడో పారేసుకున్నారు. ఆవిడ సభలో కుర్చీలు వేయిస్తుండగా లైబ్రరీకి పరుగెత్తి, బల్ల మీద చేతికందిన కాగితం లాక్కుపోయారు. ఇది ఆయనే ఆ తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకున్న సంగతి.

వేదికెక్కి, గొంతు సవరించుకుని, "ఈ నేల కోసం నేలకొరిగిన మన అమరవీరులు!" అని మొదలుపెట్టారు. "బేకరీ యజమాని! మార్చి పన్నెండు! తేనెటీగల పెంపకం!"

 బేకరీ యజమాని మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

"రిటైరైన పోస్టుమాస్టరు! ఏప్రిల్ రెండు! ఇంటి వైద్యం!" అని ఆయన గొంతు గాద్గదికమైంది. "లెక్కల మాస్టారు! మే ఇరవై! రెండుసార్లు నోటీసు పంపినా తిరిగి రాలేదు." అక్కడ ఆగి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి పైకెత్తి, "ఎలా వస్తారు? వీరులు తిరిగి రారు!" అన్నారు.

వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు సంగతి తెలియదు కాబట్టి చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో పద్నాలుగు మంది పేర్లూ చదివేసి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. సభ లేచి నిలబడింది. పద్నాలుగు మంది అమరవీరులు కూడా లేచి నిలబడి తమ ఆత్మశాంతి కోసం తలవంచుకున్నారు. బేకరీ ఆయన భార్య ఎందుకైనా మంచిదని భర్త చెయ్యి గిల్లి చూసింది.

తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థికి ప్రచారం చేసే శ్రమ కూడా లేకపోయింది. "ఈయనకు ఓటేస్తే బతికుండగానే మిమ్మల్ని పంపించేస్తాడు," అని ఒక్కమాట చెప్పుకుంటూ పోయాడు. మన నాయకుడు మాజీ అయిపోయారు.

"అదీ కథ," అని ముగించేవారు లైబ్రేరియనమ్మ. "ఇంత పరువు పోగొట్టుకున్న మనిషి ఉత్సవం మాటెత్తితే సిగ్గుపడొద్దూ? సరిగ్గా అప్పణ్ణుంచే కత్తెర పట్టుకుని బయల్దేరాడు. ఫోటోల పిచ్చి!"

ఇలా ఉండగా స్వర్ణోత్సవం వచ్చింది. దేశంలోని గ్రంథాలయాలన్నీ గడిచిన ఉత్సవాల పత్రికలను ప్రదర్శనకు పెట్టాలని పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు. ముందుగా తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. మొదటి సంపుటం తెరిచి పేజీ ఎత్తితే, కన్నంలోంచి అవతల నిలబడ్డ లైబ్రేరియనమ్మ మొహం కనిపించింది. రెండో సంపుటం తెరిచాడు. మళ్ళీ ఆవిడ మొహమే.

"ఏమిటండీ ఇది?"

"మాజీ గారండీ."

"పేపర్లకు బాధ్యులు ఆయనా, మీరా?"

 మర్నాడు మెమో వచ్చింది. రెండు వారాల్లోగా పేజీలు పూర్తిగా కనిపించకపోతే క్రమశిక్షణ చర్య తప్పదు. ఆవిడ రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలే ఉంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క మచ్చ లేదు, ఒక్క పుస్తకం పోలేదు, ఒక్కరోజు ఆలస్యంగా తలుపు తియ్యలేదు. చివరికి ఒక ఫోటోల పిచ్చివాడి మూలంగా తలవంచుకుని ఇంటికి పోవాలా? ఆవిడ ఉగ్రురాలై సరాసరి మాజీ గారి ఇంటికి వెళ్ళారు.

"మీ పుస్తకం నాకు కావాలి. ఏ ముక్క ఏ కన్నంలోదో చూసి వెనక్కి అంటించుకుంటాను."

"మొత్తం పుస్తకమా?" ఆయన మొహం పాలిపోయింది. "కావాలంటే నా ఆస్తి అడుగమ్మాయ్, రాసిస్తాను."

"మీకు ఆస్తి లేదని ఊరందరికీ తెలుసండీ. పుస్తకం ఇవ్వండి."

"ఫోటోలు ఉన్న పేజీలు చూసి నేనే కొన్ని తీసిస్తా..."

"కొన్ని కాదు, అన్నీ కావాలి. నా ఉద్యోగం పోయేలా ఉంది, మీ చెవీ మోచెయ్యీ ఎవడిక్కావాలి?"

"అది మాత్రం కుదరదు," అని ఆయన పుస్తకాన్ని గుండెకు హత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఆవిడ వీధి చివరిదాకా తిట్టుకుంటూ నడిచారు. మనిషన్నవాడికి ఇంత స్వార్థం ఉంటుందా అని దారిలో కనిపించిన ముగ్గురిని ఆపి మరీ అడిగారు.

రెండు రోజుల తర్వాత మాజీ గారి భార్య గ్రంథాలయానికి వచ్చారు. ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు.

"రేపు పదింటికి ఆయన క్షవరానికి వెళ్తారు. వెళ్తే గంట దాకా రారు. ఇంటికి రామ్మా."

"పుస్తకం ఇస్తారా పిన్నిగారూ?"

"ఇస్తాను. కానీ చివరి పేజీ ముందు చూడాలి."

మర్నాడు పదింటికి లైబ్రేరియనమ్మ ఆ ఇంట్లో బల్ల ముందు కూర్చున్నారు. పుస్తకం ఎదురుగా ఉంది. చివరి పేజీ తిప్పారు. అక్కడ చెవులూ మోచేతులూ లేవు. ఒక పాత కవరు అంటించి ఉంది. దాని మీద గ్రంథాలయం సీలు. "రజతోత్సవ వేదికపై చదవవలసిన జాబితా" అని తన దస్తూరి. కవరులోంచి మడతపెట్టిన కాగితం బయటికి తీశారు. బేకరీ యజమాని, మార్చి పన్నెండు, తేనెటీగల పెంపకం. అడుగున తన సంతకం.

 ఆయన కవరు పారేసుకోలేదు. ఏ కాగితమూ లాక్కుపోలేదు. ఆ కవరులో ఆ జాబితా పెట్టి, తడి చేసి, మూసి, సీలు కొట్టి పంపింది తానే.

కవరు పక్కన ఒక చిన్న కత్తిరింపు ఉంది. ఉత్సవం జరిగిన మూడో రోజుది. "బతికున్నవారికి నివాళి: గ్రంథాలయ ఉద్యోగినిపై వేటు? జాబితాను సీలు చేసిన కవరులో అందజేసింది ఇటీవలే చేరిన ఉద్యోగిని అని తెలిసింది. ఆమె ఇంకా పర్మినెంటు కాలేదు. ఒకటి రెండు రోజుల్లో తొలగింపు ఉత్తర్వులు రావచ్చని విశ్వసనీయ వర్గాలు చెప్పాయి."

"ఈ వార్త నేను చూడలేదే," అన్నారు లైబ్రేరియనమ్మ. 

"ఎలా చూస్తావమ్మా? ముందురోజు సాయంత్రం ఆ పేపరాయన ఫోన్ చేసి ఈయన్ని అడిగాడు, మీరేమంటారని. మర్నాడు పొద్దున్నే బస్సు దగ్గరికెళ్ళి కట్టలు విప్పించి కూర్చున్నారు. ఊరికి ఆ పేపరు వచ్చేది అరవై. అరవైలోనూ ఇది కత్తిరించేశారు. బొటనవేలు బొబ్బలెక్కితే వారం రోజులు చొక్కా గుండీలు నేనే పెట్టాను. అదే బస్సెక్కి మీ పెద్దాఫీసుకెళ్ళి, కవరు పోగొట్టుకున్నాను, బల్ల మీద కాగితం నేనే తీసుకున్నాను అని రాసిచ్చొచ్చారు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వెళ్ళి తప్పు నాదేనని ఒప్పేసుకుంటావుట. అప్పుడు మీ నాన్న మంచంలో ఉన్నాడు, ఇద్దరు చెల్లెళ్ళు చదువుకుంటున్నారు. 'ఆ పిల్ల ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. నా ఉద్యోగం పోతే ఊరు బాగుపడుతుంది,' అన్నారు." ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ కథ నువ్వు బజార్లో చెప్తుంటే నేను మూడుసార్లు విన్నానమ్మా. బాగా చెప్తావు. నవ్వాపుకోలేకపోయాను. కానీ ఇంటికొచ్చాక మాత్రం కష్టంగా ఉండేది," అన్నారు.

లైబ్రేరియనమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ కథ తాను ఎంతమందికి చెప్పి ఉంటుంది? గ్రంథాలయం సభ్యులందరికీ. చేతులు తిప్పుతూ, ఆయన గొంతు అనుకరిస్తూ.

అంతలో వాకిట్లో ధడాలున చప్పుడైంది. మెడ చుట్టూ క్షౌరశాల గుడ్డతో, ఒక వైపు మాత్రమే కత్తిరించిన జుట్టుతో మాజీ గారు రొప్పుతూ లోపలికి వచ్చారు. లైబ్రేరియనమ్మ ఇటు వచ్చిందని క్షౌరశాలలో ఎవరో అన్నారట.

"ముట్టుకోకు! అది నా సొంత..." అని, తెరిచి ఉన్న పేజీ చూసి ఆగిపోయారు. ఆ తర్వాత భార్య వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మీరు అబద్ధం చెప్పారు," అన్నారు లైబ్రేరియనమ్మ.

"రాజకీయాల్లో ఉన్నవాణ్ణి. చెప్పకపోతే ఎలా?"

"మరి ఇన్నేళ్ళూ మిగతావన్నీ ఎందుకు కత్తిరించారు?"

"ఒక్క కన్నముంటే అందులో ఏముందీ అని ఊరు ఆరా తీస్తుంది. వంద కన్నాలుంటే వీడికి పిచ్చిలే అని ఊరుకుంటుంది. మొదటి రెండేళ్ళూ అందుకే." ఆయన కొంచెం నసిగారు. "ఆ తర్వాత అలవాటైపోయింది. ఫోటోలు కూడా ఏమంత చెడ్డగా రావట్లేదు."

"ఇది చింపి పారేస్తే పోయేదిగా? దాచుకోవడమెందుకు?"

మాజీ గారు కుర్చీలో కూలబడ్డారు. "నా జీవితంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అమ్మాయ్. సాక్ష్యం లేకపోతే నేనే నమ్మను."

లైబ్రేరియనమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముందు ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్నాక అసలు సందేహం గుర్తొచ్చింది.

"కవరు నాదే, తప్పు నాదే. కానీ చదివింది మీరు కదండీ. తేనెటీగల పెంపకం, ఇంటి వైద్యం అని చదువుతున్నప్పుడు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"మూడో పేరుకే వచ్చింది," అన్నారు మాజీ గారు. "కానీ అప్పటికే చప్పట్లు పడుతున్నాయి."

పుస్తకం తీసుకెళ్ళమన్నారు ఆయన. ఆ చివరి పేజీ ఒక్కటి మాత్రం వదిలేయమన్నారు. "ఒక్క కన్నానికి ఏ ఆఫీసరూ చర్య తీసుకోడు. నాలుగు నెలల్లో రిటైరవబోతూ కోరి మచ్చ తెచ్చుకోకు. నాకెలాగూ ఉన్న పేరే." ఆవిడ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

పదిరోజులు కూర్చుని, తడిగుడ్డతో ముక్కలన్నీ ఊడదీసి, ఏ కన్నానికి ఆ ముక్క అతికించారు. చెవులు చెవుల చోటికి, మోచేతులు మోచేతుల చోటికి వెళ్ళిపోయాయి. చివరికి ఒకే ఒక్క కన్నం మిగిలింది, రజతోత్సవం సంపుటంలో, మూడో రోజు పేపర్లో. ఆ ముక్కను చేత్తో పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నారు. అతికిస్తే ఆ వార్త అందరి కంటా పడి అన్నేళ్ళ తన మంచిపేరు పోతుంది. అతికించకపోతే ఏమీ కాదు. ఎవరూ అడగరు కూడా. ఆవిడ జిగురు సీసా మూత తీసి అతికించేశారు. ఆ పక్కనే కవరూ జాబితా పెట్టారు.

స్వర్ణోత్సవం రోజున గ్రంథాలయం హాలు నిండిపోయింది. ఆఫీసరు సంపుటాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ఆ పేజీ దగ్గర ఆగాడు. వార్త చదివాడు. జాబితా చదివాడు. కళ్ళద్దాలు తీసి ఆవిడ వైపు చూశాడు.

"ఇది మీరేనా?"

"నేనేనండీ. ఆ కవరులో తప్పు జాబితా పెట్టింది నేను. నిందేమో ఆయన మోశారు."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"తెలియకుండా ఉండటం కోసం ఒకాయన పాతికేళ్ళు పడ్డ శ్రమ చాలండీ."

ఆఫీసరు తన దగ్గరున్న మెమో కాపీ బయటికి తీశాడు. "దీని మీద చర్య తీసుకోవాలంటే ముందు అప్పటి ఫైలు దొరకాలి. ఫైలు వెతకడానికి కమిటీ వెయ్యాలి. కమిటీ మొదటి సమావేశం వాయిదా పడుతుంది. ఈలోగా మీరు రిటైరైపోతారు," అని, మెమో మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు. ఆ తర్వాత జాబితా మళ్ళీ ఒకసారి చదివి, ఆపుకోలేక, గోడకు ఆనుకుని నవ్వాడు.

జనం ఏమిటేమిటని మూగారు. లైబ్రేరియనమ్మ మామూలుగా చెప్పే కథ మొదలుపెట్టారు. ఈసారి ఉన్నదున్నట్టు, కవరులో కాగితం పెట్టిన చేతితో సహా చెప్పారు. హాలు ఘొల్లుమంది. వెనకాల గోడవారగా, రెండు వైపులా సమంగా కత్తిరించిన జుట్టుతో నిలబడ్డ మాజీ గారు మొదట నేల చూపులు చూశారు. ఆ తర్వాత మొహం ముడుచుకున్నారు. చివరికి ఉండబట్టలేక చెయ్యెత్తారు.

"ఆగమ్మాయ్! అక్కడ నేను అలా అనలేదు."

"మరెలా అన్నారు?"

"తిరిగి రాలేదు అన్నాక చాలాసేపు ఆగాను. నువ్వు ఆగట్లేదు. అక్కడ ఆగకపోతే చప్పట్లు రావు. పైగా చెయ్యి ఇలా ఎత్తాను. పాతికేళ్ళుగా తప్పు చెప్తున్నావు, నీ ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను గానీ!"

"అయితే మీరే చదవండి," అని ఆవిడ జాబితా ఆయన చేతికిచ్చారు.

మాజీ గారు గొంతు సవరించుకున్నారు. బేకరీ యజమాని దగ్గర మొదలుపెట్టి, గాద్గదికం కావాల్సిన చోట గాద్గదికమై, ఆగాల్సిన చోట ఆగి, చెయ్యెత్తి, పద్నాలుగు పేర్లూ చదివారు. రెండు నిమిషాలు మౌనం పాటించమంటే ఒక్కరూ పాటించలేకపోయారు. ఆఫీసరు బల్ల పట్టుకున్నాడు. మాజీ గారి భార్య చీర చెంగు నోట్లో కుక్కుకున్నారు. తన రాజకీయ జీవితం మొత్తం మీద, ప్రసంగం అయిపోయాక జనం ఇంకా కావాలనడం మాజీ గారు ఎప్పుడూ ఎరగరు. అందుకే ముందు ఆయనకు అర్థం కాలేదు. ఎవరో గట్టిగా కేకేస్తుంటే ఏదో గొడవ అనుకున్నారు.

చూస్తే, పాతికేళ్ళుగా ఆ హాల్లో దగ్గినవాళ్ళను కూడా వేలు చూపించి ఊరుకోబెట్టిన లైబ్రేరియనమ్మ, కుర్చీ ఎక్కి నిలబడి, "ఇంకోసారి! ఇంకోసారి చదవండి!" అని అరుస్తున్నారు.